మోకాటి ఎత్తున గీసిన ముఖం

ముందుగా నా రాతకు, నా ఆలస్యానికి మన్నించాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవయ్యో ఏట. వత్తులంటే ఇప్పటికీ భయమే. ఒక వాక్యం రాసి, వేలు పెట్టి చదివి, మళ్లీ రాస్తాను. ఈ కాగితాలకు పదకొండు రోజులు పట్టింది. మా వీధి దర్జీ నూరుద్దీన్ బిడ్డ ఉజ్మా నాకు చదువు చెప్పిన పిల్ల. ఇందులో ఒక్క తప్పు కూడా మిగలకుండా దిద్దమని ఆమెను గట్టిగా అడిగాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

చిత్రకారుడు ఎల్లస్వామికి పెద్ద బహుమానం వచ్చిందనీ, ఆయన మీద పుస్తకం వేస్తున్నామనీ, ఎరిగినవాళ్లను రాయమంటున్నామనీ హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. "మీరు ఆయన బొమ్మల్లోని మనిషి భార్య కదమ్మా" అన్నారు. అవును, నేనే.

ఎల్లస్వామి మా వాడలో పుట్టినవాడు. మా ఆయనకు అన్న కొడుకు వరస. మీసాలు రాకముందే దేవరకొండ దారి పొడవునా ఇళ్ల గోడల మీద సిమెంటు కంపెనీల, ఎరువుల కంపెనీల ప్రకటనలు రాసేవాడు. గోడను గోటితో గీరి, దానికి ఎన్ని పూతల సున్నం పడిందో చెప్పేవాడు. తర్వాత హైదరాబాదులో బొమ్మల కాలేజీలో సీటొచ్చింది. మా వాడంతా సంతోషపడింది. నేనూ పడ్డాను.

ఇక మా ఆయన సంగతి. మా బోరు నీళ్లు ఫ్లోరైడు నీళ్లు, ఎముకలను తినే నీళ్లు. నలభై ఏళ్లకు ఆయన నడుము వంగింది. యాభై దాటేసరికి గడ్డం రొమ్ముకు ఆనింది. మెడ కర్రలా బిగిసిపోయి లేచేది కాదు. ఆయన ముఖం చూడాలంటే మనిషి నేల మీద కూర్చోవాలి. అన్నం పెట్టేటప్పుడు నేను పీట కూడా వేసుకోకుండా కిందే కూర్చునేదాన్ని. ఊరంతటికీ తెలిసింది ఆయన వీపు. ముఖం తెలిసింది నాకూ, పాకే పిల్లలకూ.

పింఛను కాగితాలకు ఫోటో కావాలంటే దేవరకొండ తీసుకుపోయాను.

"పెద్దమనిషీ, జర తల ఎత్తు" అన్నాడు ఫోటో తీసేవాడు.

"తల లేస్తే పింఛనెందుకు సారూ, పనికే పోదును గదా" అన్నాడు ఈయన.

ఆ ఫోటోలో రుమాలు, కాస్త నుదురు పడ్డాయి. మా ఇంట్లో ఉన్న ఫోటో అదొక్కటే. పెళ్లినాడు ఎవరూ తీయలేదు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం ఎల్లస్వామి వచ్చాడు. చదువైపోయింది, చేతిలో పని లేదు. "చిన్నమ్మా, చిన్నాయిన బొమ్మ గీస్త" అన్నాడు. మా ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, తాను ఆయన కాళ్ల ముందు బస్తా పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. నా పొయ్యిలోంచి బొగ్గు తీసుకున్నాడు. కాసేపు చూడడం, లేచి గోడ మీద గీయడం, మళ్లీ వచ్చి పడుకోవడం. రెండు రోజులు అదే పని.

"నవ్వకు చిన్నాయినా, ముక్కు కదులుతాంది."

"నవ్వకుంటే ఎట్లరా? గొర్రె పొదుగు చూసినట్టు కిందికెళ్లి చూస్తున్నవ్."

మొదట గోడ మీద నిలువెత్తున గీయబోయాడు. ఈయన ఒప్పుకోలేదు. "నాకు కనబడేటట్టు గియ్యి. మీదికి గీస్తే అది మీ బొమ్మయితది, నాది గాదు" అన్నాడు. అందుకని మోకాటి ఎత్తున, గింజల గుమ్మి పక్కన గీశాడు. చాట అంత ముఖం. అచ్చం ఆయనే. నేను పొయ్యి దగ్గర కూర్చుంటే సరిగ్గా నా కళ్లకు ఎదురుగా వచ్చేది.

పొద్దున్నే ఈయన దాని ముందు నిలబడి, తన పేరుతోనే దాన్ని పిలిచి, "ఏం మారయ్యా, లేచినవా? నీకేం, మెడ నొప్పి లేదు" అనేవాడు.

ఎల్లస్వామి ఆ బొమ్మ గీసినందుకు నేను ఇప్పటికీ దండం పెడతాను. ఇక మీదట రాసేదంతా అలా ఉండదు.

వాడు వెళ్లి బట్ట మీద రంగులతో వేయడం మొదలుపెట్టాడు. అవే మీరంతా మెచ్చుకున్న బొమ్మలు. ఉజ్మా తన ఫోనులో నాకు చూపించింది. ఎర్రనేల, నీలిమందు రంగు వీపు, కొడవలిలా వంగిన వెన్ను. మెడ దగ్గరికి వచ్చేసరికి రంగు ఆగిపోతుంది. ఒక్కదానిలోనూ ముఖం లేదు. వీపు మాత్రం అబద్ధం కాదు. ఎడమ రెక్క కింద పొడుచుకొచ్చిన ఎముకను కూడా సరిగ్గా వేశాడు. రోజూ నూనె రాసిన చేతులివి, నాకు తెలుసు. ఆ వీపు ఢిల్లీ పోయింది, దుబాయి పోయింది. కింద పేర్లు "నీళ్లు ఒకటి", "నీళ్లు రెండు", అలా నలభై దాకా.

ఫోను చేసి అడిగాను. "ముఖమేదిరా?"

"ముఖం పెడితే అది ఒక్క చిన్నాయిన అయితడు చిన్నమ్మా. లేకుంటే జిల్లా మొత్తం అయితది."

"జిల్లాతోని నేను సంసారం చెయ్యలే కొడుకా."

వాడు నవ్వాడు. నా మాట బాగుందన్నాడు.

రెండేళ్లకు ఆయన పోయాడు. చివరికి పాడె మీద కూడా ఒక పక్కకే పడుకోబెట్టాం. ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి, ఆయన ఎముకలకు వాటితో పని లేనప్పుడు.

పదకొండో నాడు దినాలకు చుట్టాలు రాకముందే ఇంటికి సున్నం వేయాలి. మా దగ్గర మైల పోయేది అలాగే. నేనే కుంచె పట్టి మూడు గోడలు వేసి, గుమ్మి దగ్గర ఆగిపోయాను. మా ఆడపడుచు బిక్షమ్మ వెనక నుంచి అంది:

"ఆగినవేంది వదినె? పొయినోని ముఖం గోడకు ఉంటే పోడు. ఇండ్లనే తిరుగుతడు."

తిరగనియ్యి అనాలి. అనలేదు. నలుగురూ చూస్తున్నారు. కుంచె నా చేతిలో ఉంది. ఎల్లస్వామి ఉన్నాడు కదా, అడిగితే మళ్లీ గీస్తాడులే అనుకున్నాను. మొదటి పూత ఆరాక కళ్లు కనబడ్డాయి. రెండో పూత వేశాను. మీసం నీడలా మిగిలింది. మూడో పూతకు గోడ తెల్లబడింది.

ఎవరి మీదా నెట్టను. వేసింది నేను.

ఆ తర్వాత వాడికి ఎన్నిసార్లు చెప్పానో. "గీస్త చిన్నమ్మా, జర తీరిక దొరకనియ్యి" అనేవాడు. కొన్నాళ్లకు ఫోను ఎత్తడం మానేశాడు. ఉత్తరమైతే చేతికి అందుతుంది కదా అని అక్షరాలు మొదలుపెట్టాను. ఉజ్మా సాయంత్రాలు నూరుద్దీన్ దుకాణం అరుగు మీద నేర్పేది. ఒకనాడు పలక మీద "మారయ్య" అని రాసి దిద్దమంది. భర్త పేరు నోటితో అనను అన్నాను. "రాయి పెద్దమ్మా. రాస్తే ఎవరికి ఇనబడతది?" అంది. రాశాను.

ఏడాదికి ఉత్తరం రాయగలిగాను. నాలుగు వరుసలు. "బిడ్డా, మీ చిన్నాయిన ముఖం మరుపుకు వస్తుందేమోనని భయం. ఒక్కటి గీసి పంపు. రంగులు వద్దు, బొగ్గు చాలు." ఉజ్మాకు చూపించకుండా పంపాను. సొంతంగా రాశానని గొప్ప. అందులో తప్పులు లేని మాట లేదని తర్వాత తెలిసింది.

జవాబు రాలేదు. ఆరు నెలలకు ఉజ్మా ఫోను పట్టుకుని వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. హైదరాబాదులో ఎల్లస్వామి బొమ్మలు ప్రదర్శనకు పెట్టారు, ఆ వీడియో. నీలి వీపుల మధ్యన, అద్దం బిగించి, దీపం వేసి, నా ఉత్తరం. దాని ముందు ఒకామె కళ్లు తుడుచుకుంటోంది. పక్కనున్న పెద్దాయన, "ఈ తప్పులే దీని అందం, వీటిని దిద్దకూడదు" అంటున్నాడు. అంతమంది చదివారు. అడిగింది ఇమ్మని వాడికి ఒక్కరూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి వత్తులు మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను.

పోయిన ఏడు ఉజ్మాను తోడు తీసుకుని జడ్చర్ల పోయాను. కల్వకుర్తిలో బస్సు మారాలి. ఎల్లస్వామి బొమ్మలు వేసే జాగా ఊరి బయట, మందుల కంపెనీల అవతల పెద్ద రేకుల కొట్టం. నన్ను చూసి ఎదురొచ్చాడు. మర్యాద తప్పనివాడు.

"రా చిన్నమ్మా. చాయ్ తాగుతవా?"

"ముందు గియ్యి. చాయ్ తర్వాత."

వాడు కాగితం తీసి నేల మీద కూర్చున్నాడు. నేనూ ఎదురుగా కూర్చున్నాను. చెయ్యి చకచకా నడిచింది. ఒక ముఖం వచ్చింది.

"ఇది మీ నాయిన" అన్నాను.

ఇంకో కాగితం. ఈసారి నెమ్మదిగా.

"ఇదెవలో నాకు తెల్వదు."

మూడోది చూసి, నేను ఏమీ అనకముందే ఉజ్మా అంది: "అన్నా, ఇది నువ్వే."

నాలుగో దానికి నన్నడిగాడు. ముక్కు ఎట్లుండె, కనుబొమలు కలిసి ఉండెనా, విడివిడిగానా. ఒక్కొక్కటి చెప్పాను. చెప్పినట్టే గీశాడు. అన్నీ ఉన్నాయి, ఆయన లేడు. బొగ్గు కింద పెట్టి చేతులు చూసుకున్నాడు.

"మర్చిపోయిన చిన్నమ్మా."

"వీపు మర్చిపోలే గదా?"

"వీపు రోజూ వేస్తున్న."

"అప్పుడు గీసుకున్న కాగితాలు లెవ్వా?"

"ముఖం గోడ మీదనే గీసిన. కాగితం మీదికి ఎక్కించుకోలే. గోడ ఉంటదిలే అనుకున్న." తల ఎత్తకుండా అన్నాడు, "సున్నం నువ్వే గదా కొట్టింది."

ఉజ్మా ఏదో అనబోతే మోచెయ్యి పట్టుకున్నాను. వాడన్నది నిజమే.

"గోకితే వస్తదా?" అని అడిగాను. గోడల సంగతి వాడికంటే తెలిసినవాళ్లు లేరు.

"రాదు. బొగ్గు సున్నానికి అంటుకొని ఊడొస్తది. గోకకు చిన్నమ్మా. గోకితే ఉన్నది గూడ పోతది."

"నా ఉత్తరమన్న ఇయ్యి."

"అది ఒకాయన తీస్కపోయిండు. ఢిల్లీల ఉంది."

లేచాను. వాడి చూపు కింద పడున్న నాలుగు కాగితాల మీదికి పోయింది. ఎంతోసేపు చూశాడు. "ఇవి ఈడనే ఉండనియ్యి చిన్నమ్మా. వీటిల ఏదో ఉంది" అన్నాడు. దీపాలు, అద్దాలు, కళ్లు తుడుచుకునే ఆడవాళ్లు నా కళ్ల ముందు కదిలారు. నాలుగింటినీ ఏరుకుని చుట్టి చంకలో పెట్టుకున్నాను. చాయ్ తాగలేదు. మరునాడు వాటితోనే నీళ్లపొయ్యి అంటించాను. కాగితం మందంగా ఉంది, బాగా మండింది.

గుమ్మి పక్కన ఆ జాగాలో నేను మళ్లీ సున్నం వేయలేదు. ఇల్లంతా తెల్లగా ఉంటుంది, అక్కడ పసుపెక్కింది. బిక్షమ్మ వచ్చినప్పుడల్లా సణుగుతుంది. ఆమెకు వినబడనట్టు ఉంటాను.

మీరు ఎల్లస్వామి గురించి రాయమన్నారు. వాడికి వీపు వచ్చు. అంతకంటే నాకు తెలియదు. మీ పుస్తకంలో చోటుంటే ఇది కూడా వేయండి:

మారయ్యది కోల ముఖం. ఎడమ కనుబొమలో చిన్నప్పటి గాటు, అక్కడ వెంట్రుక మొలవదు. ముక్కు కొస కొంచెం కుడికి. పై పన్ను ఒకటి సగం విరిగింది, నవ్వితే కనబడుతుంది. మీసం ఒక పక్క పొట్టి, అద్దం ఒళ్లో పెట్టుకుని కత్తిరించుకునేవాడు కాబట్టి. కళ్లు ఎప్పుడూ పైకి చూడబోతున్నట్టు ఉంటాయి.

ఇది చదివితే మీకు ఆయన కనబడడని నాకు తెలుసు. ఎల్లస్వామికే కనబడలేదు. ఈ మధ్య నాకు కూడా, ఆ గోడ ముందు కూర్చుంటే గాటు కుడి కనుబొమకో ఎడమ కనుబొమకో ఒక్క క్షణం తడబాటు వస్తోంది. ఎడమే. అందుకే రాసి పెట్టాను.

పుల్లమ్మ, మారయ్య భార్య.
అరవై నాలుగేళ్లు.
ఉండేది దేవరకొండ దగ్గర, ఆ గోడ ఉన్న ఇంట్లోనే.