బస్సెక్కని ఆదివారం

కుడికాలి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి, దానిమీద మేజోడు తొడిగి, డ్రైవరు మంచం అంచున కాసేపు అలాగే కూర్చుండిపోయాడు. గోరు నల్లబడి వారమైంది. ఊడేట్టూ లేదు, ఉండేట్టూ లేదు. కిటికీలోంచి ఇంకా పలచటి వెలుగే వస్తోంది. భార్య వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఇవాళ ఎందాకా?"

"అక్క దగ్గరికే. చుట్టుదారిన."

"బస్సులో వెళ్తేనే నడుం పట్టేస్తుంది కదండీ అంత దూరం!"

"అందుకే పెందలాడే లేచాను."

వంగబోతే పొట్ట అడ్డుపడింది. ఆమె నవ్వు ఆపుకుంటూ వచ్చి, కింద కూర్చుని, తానే బూట్ల లేసులు ముడివేసింది. "ఎక్కడా పడకండి. నేనడిగేది అదొక్కటే" అంది.

అతను సిటీ బస్సు డ్రైవరు. పెళ్లికి ముందునుంచీ అదే పని. ఊరంతా తిరిగినవాడే గానీ, కూర్చుని తిరిగినవాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. అతని పొట్ట మాత్రం కరగలేదు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగింది. అతనికి సన్మానాలు జరగలేదు, అతని చేతిలో ప్రమాదాలూ జరగలేదు. వాన పడుతుంటే గొడుగులేని వాళ్ల ముందుకే తలుపు వచ్చేలా బండి ఆపుతాడనీ, పరుగున వచ్చే ముసలివాళ్లను అద్దంలో చూసి ఆగుతాడనీ తప్ప, అతని గురించి చెప్పుకోడానికి డిపోలో ఎవరి దగ్గరా ఏమీ లేదు.

అలాంటివాడు మారథాన్‌కి దిగడం అక్క నవ్వు వల్ల జరిగింది.

తల్లి మిల్లు పనికి పోతే అతన్ని పెంచింది అక్కే. తనకే ఇంకా పాలపళ్లు ఊడుతున్న వయసు. తమ్ముణ్ణి చంకనేసుకుని వీధులన్నీ తిరిగేది. దింపితే చాలు, రాగం తీసేవాడు. "ఒరే బస్తా" అని అప్పుడు పెట్టిన పేరు అతనికి యాభై దాటినా మారలేదు. అక్క పెళ్లి మాట తలపెట్టకుండా, బట్టలు కుట్టుకుంటూ తన బతుకు తను బతికింది. ఇప్పుడు మందులకు లొంగని జబ్బుతో ఊరి చివర, ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లను కనిపెట్టుకునే సేవాసదనంలో ఉంది. ఆ సదనానికి కొత్త మంచాల కోసం విరాళాల మారథాన్ పెడుతున్నారని ఒకరోజు నర్సు చెప్పింది. గదిలోని నిశ్శబ్దం భరించలేక అతను, "నేనూ పరిగెడతాను" అనేశాడు. అక్క అతని పొట్టకేసి చూసింది, మొహంకేసి చూసింది. ఆ తర్వాత దగ్గొచ్చేదాకా నవ్వింది. ఎన్నాళ్లకో వచ్చిన నవ్వు. ఇక నోరు జారిన మాట వెనక్కి తీసుకునే దారి లేకపోయింది.

అప్పటినుంచి ఆదివారం వస్తే, మధ్యాహ్నం డ్యూటీకి ముందు, ఎక్కడ తిరిగినా అతని పరుగు సదనం మెట్ల దగ్గరే ఆగేది. కిటికీ పక్క కుర్చీలోంచి అక్క అడిగేది: "నిజం చెప్పరా బస్తా, మధ్యలో బస్సెక్కావా?" మొదటివారం ఎక్కాడు. దాచబోయి దొరికిపోయాడు. "పోనీలే, అలవాటైన ప్రాణం" అందావిడ.

ఇవాళ బజారువీధి దాటేసరికే డొక్కలో పోటు మొదలైంది. చొక్కా ఒరుసుకుని చంకల్లో మంట. స్టాపులో నిలబడ్డ పాలావిడ, రోజూ అతని బస్సెక్కే మనిషే, కేకేసింది. "ఏం డ్రైవరన్నా, బండెక్కడ వదిలేశావ్?"

"రిపేరులో ఉందమ్మా" అని మోకాలు తట్టి చూపించాడు.

వంతెన దగ్గర నవ్వులాట అయిపోయింది. సీట్లో కూర్చుని ఇన్నేళ్లుగా దాటిన వంతెన ఇంత ఎత్తని అతనికి తెలియదు. సగంలో పిక్క బిగుసుకుపోయింది. పిట్టగోడ పట్టుకుని కూలబడ్డాడు. ఊపిరి అందడంలేదు, నోట్లో తడిలేదు. వెనకనుంచి బస్సు వస్తోంది. బ్రేకు చప్పుడును బట్టే ఎవరిదో తెలిసింది. అతనితోపాటే ఉద్యోగంలో చేరిన బక్క డ్రైవరు, బావా అని పిలుచుకునే స్నేహితుడు.

"ఎక్కు బావా! మొహం చూసుకో, వాడిన వంకాయలా ఉంది. సదనం ముందే దింపేస్తా."

తలుపు తెరుచుకుంది. చల్లటి కడ్డీ చేతికందింది. ఒక కాలు మెట్టుమీద పెట్టాడు కూడా. లోపల ఎవరో జరిగి చోటిచ్చారు. ఎక్కితే హాయిగా ఉండేది. అతను కాలు కిందికి దించాడు.

"నువ్వు పో బావా. అక్క అడిగితే అబద్ధం చెప్పలేను."

బస్సు వెళ్లిపోయింది. అతను కుంటుతూ నడిచాడు, నడుస్తూ నడుస్తూ మళ్లీ పరుగందుకున్నాడు. చిన్నప్పటి పాత ఇంటికి పోయే దారిలోనూ ఇలాంటి ఎత్తే ఒకటుండేది. అక్క తనను మోస్తూ ఎక్కేది. ఎండలోనూ మోసేది. దిగుతానని తను ఒక్కసారీ అనలేదు. ఆవిడకు ఆయాసం వచ్చేదేమో! ఇన్నేళ్లలో ఆ ముక్క అడగాలని తోచనేలేదు. ఇవాళ అడగాలి. ఆ ఒక్క మాట పట్టుకుని వంతెన దిగాడు, గోదాముల వీధి దాటాడు, సదనం గేటు చేరాడు.

నర్సు మెట్లమీదే నిలబడి ఉంది.

"ముందు కూర్చోండి అన్నయ్యా."

అతను కూర్చోలేదు. "ఎప్పుడు?"

"కాసేపైంది. కుర్చీలోనే, నిద్రలోకి జారినట్టు వెళ్లిపోయారు. మీ ఇంటికి ఫోన్ చేశాను. మీ ఆవిడ బయల్దేరుతున్నానన్నారు."

అతను గేటు ఊచ పట్టుకున్నాడు. "వంతెన మీద బస్సు ఆగింది నా కోసం. ఎక్కుంటే అందేవాణ్ణి."

"ఆ బస్సు వచ్చినప్పుడు మెలకువగానే ఉన్నారు" అంది నర్సు. "దిగేవాళ్లను ఒక్కొక్కర్నీ చూశారు. బస్సు కదిలాక నావైపు తిరిగి, 'చూశావా, మావాడు దిగలేదు. ఇంకా పరిగెడుతూనే ఉన్నాడు' అని నవ్వారు. కళ్లు మూసింది ఆ తర్వాతే."

అక్కను మంచంమీద పడుకోబెట్టారు. చేతులు పొట్టమీద చేర్చి ఉన్నాయి, సూదిపోట్లతో గట్టిపడ్డ వేలికొనలు పైకి కనబడుతూ. అతను మంచం పక్కన నేలమీదే చతికిలబడ్డాడు. ఆవిడ పాదం రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. చల్లగా, మడమ పగుళ్లతో, అది చిన్నపిల్ల పాదమంత ఉంది.

"ఆయాసం వచ్చేదా అక్కా?" అని అడిగాడు.

నర్సు అతని భుజాలమీద తువ్వాలు కప్పింది. భార్య బయల్దేరిందనీ, డ్యూటీకి వేరేవాళ్లు ఎక్కుతారని డిపోవాళ్లు చెప్పారనీ అంది. అన్నిటికీ తలూపాడు. అతను తలెత్తగానే ఆమె కిటికీవైపు చూపించింది.

"మీరొచ్చేసరికి తయారుగా ఉండాలని దగ్గరుండి కలిపించారు. ఉప్పు కాస్త ఎక్కువే వెయ్యమన్నారు."

ఖాళీ కుర్చీ పక్కన, కిటికీ గట్టుమీద, ఈగలు వాలకుండా సాసరు మూతపెట్టిన నిమ్మరసం గ్లాసు. అడుగున ఇంకా కరగని చక్కెర తెల్లగా కనబడుతోంది.