కుడి సీటు గొంతు

విమానంలో పైలట్ల ముందుండే తెరల్ని ఇప్పుడు ఎవరికి నచ్చినట్టు వాళ్ళు అమర్చుకోవచ్చు. మ్యాప్ అటు, ఇంజిన్ అంకెలు ఇటు. ఈ సోకంతా సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే ఉద్యోగం షాలేం రాజుది, అమెరికాలోని క్యారీ అనే ఊళ్ళో. నమూనా కాక్‌పిట్‌లో ఇద్దరు కూర్చోవాలి. ఎడమ సీటు మనిషి తెర మార్చి పైకి చెప్పాలి, కుడి సీటు మనిషి తన తెర చూసుకుని “చెక్” అనాలి. ఆ మాటలు రికార్డవుతాయి.

కుడి సీట్లో కూర్చునే దేవ్ ఉద్యోగం రెండు నెలల కిందట ఊడింది. ఇంకొకరిని పంపమని రాజు ఆఫీసుకి రెండు మెయిళ్ళు పెట్టాడు, ఉలుకూ లేదు పలుకూ లేదు. మూడోది పెడితే తన సీటుకే ఎసరు పెడతారేమోనని భయం. చర్చిలో పాస్టర్ ఒక వచనం, సంఘం ఒక వచనం చదవడం చిన్నప్పటినుంచీ నోట నానిన అలవాటేగా! మార్పు తన గొంతుతో, జవాబు కాస్త సన్నగొంతుతో తనే చెప్పేశాడు. మొదటిరోజు సిగ్గేసింది. తర్వాత, దాచడమెందుకు, హాయిగానే ఉండేది. రోజంతా అతనితో మాట్లాడే గొంతు అదొక్కటే మరి.

పరీక్షలన్నీ పాసైనట్టు సంతకాలైపోయాయి. సోమవారం ఆ తెరలు నిజం విమానానికెక్కుతాయి. శుక్రవారం మధ్యాహ్నం కాక్‌పిట్‌లోనే ఒంటరిగా పులిహోర తింటుంటే స్పూను జారి కుడి సీటు కిందికి పోయింది. తీసుకుని, అలసటగా ఆ సీట్లోనే కూలబడి తలెత్తాడు. ఎడమవైపు మ్యాప్ పెద్దది చేసి ఉంటే, కుడి తెరమీద విమానం ఎత్తు చూపే అంకె మాయం! లేచి ఇటు రావడానికి బద్ధకించి, ఇన్నాళ్ళూ ఎడమ సీట్లోంచే “చెక్” అన్నాడు పెద్దమనిషి.

నోరు మూసుకుంటే ఉద్యోగం, వీసా నిలుస్తాయి. ఆ అంకె కనపడక ఎవరో కొండకి గుద్దుకుంటే? అన్నం డబ్బా అక్కడే వదిలేసి మేనేజర్ భావన గదికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆమె ముందు అన్నీ ఆపించింది. అతని ఉద్యోగం సంగతి తన చేతుల్లో లేదంది. తర్వాత తన కుర్చీ అతని దగ్గరికి జరుపుకుంది.

“మీ రికార్డింగ్స్ రోజూ వినేదాన్ని, రాజుగారూ. ఎవరో మంచి పార్ట్‌నర్ దొరికారు, ఇంక రీప్లేస్‌మెంట్ అక్కర్లేదనుకుని మీ మెయిల్స్ రెండూ నేనే క్లోజ్ చేశాను.”