రోడ్డు మీద కళ్ళం

డిసెంబరు వచ్చిందంటే నాకు ఒళ్ళు మంట. అందరికీ చలికాలం వస్తుంది, నాకు ఉలవల కాలం వస్తుంది. ఆవని ఊరి చుట్టుపక్కల పల్లెల్లో ఉలవ చెట్లు వేళ్ళతో సహా పీకి, ఎండబెట్టి, తెచ్చి తారు రోడ్డు మీద మోకాలెత్తు పరుస్తారు. ఎద్దులు పోయాయి, కళ్ళం అలికే ఓపికా పోయింది. మరి నూర్పిడి ఎవరు చెయ్యాలి? నేను చెయ్యాలి. నా బండి చక్రాలు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది, వాళ్ళు చెరిగి మూట కట్టుకుంటారు. పక్క నుంచి పోదామంటే తిడతారు. మీద నుంచి పోతే ఆ తీగలు బండి కింద ఎక్కడ చుట్టుకుంటాయో దేవుడికే తెలియాలి. నూర్చినందుకు ఒక్కరూ చల్లగా మజ్జిగ కూడా ఇచ్చిన పాపాన పోలేదు.

నా పేరు అమృతరాజు. ఉండేది కేజీఎఫ్‌లో. మా నాన్న గనిలో పనిచేశాడు. గని మూతపడ్డాక నేను లారీ ఎక్కాను. పందొమ్మిదేళ్ళు బొంబాయి లైను తిరిగాను. మా ఆవిడ ఎమిలీ వండిన అన్నం వేడిగా తిన్న రోజులు అప్పట్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాలుగేళ్ళ కిందట ఈ పాల రూటు దొరికింది. తెల్లారకముందే బయలుదేరి, పల్లెపల్లెకీ పోయి, పాల డైరీల ముందు పెట్టిన క్యాన్లు ఎక్కించుకుని, తొమ్మిదిన్నరలోపు పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటర్లో దించాలి. మధ్యాహ్నానికి ఇల్లు చేరతాను. క్యాన్లు ఎక్కించే మనిషిని ఓనరు పోయినేడే మాన్పించాడు కాబట్టి డ్రైవరూ నేనే, కూలీ నేనే. అయినా నోరు మూసుకుని చేస్తున్నాను. ఇంటి అన్నం కోసం ఎన్ని మాటలైనా పడతాను.

ఇప్పుడు ఆ అన్నానికే గండం వచ్చింది. అక్టోబరులో టైరు పగిలి ఆలస్యమైతే పాలు విరిగాయి. నవంబరులో ఒక ఊరేగింపు రోడ్డంతా తనదే అన్నట్టు గంటన్నర నిలబెట్టింది, మళ్ళీ విరిగాయి. రెండుసార్లూ సెంటర్ ఆఫీసరు శ్రీనివాసమూర్తి రిజిస్టరులో నా పేరే రాశాడు. టైరు పేరు రాయలేదు, ఊరేగిన దేవుడి పేరూ రాయలేదు. "మూడోసారి ఏం జరిగినా రూటు ఇంకొకరికి పోతుంది రాజూ" అన్నాడు. అంటే మళ్ళీ బొంబాయి లైను. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే ఎమిలీ లేచి నాకు అన్నం వడ్డించింది. తిట్టినా బాగుండేది.

ఈ డిసెంబరులో ఒక రోజు చివరి ఊరికి చేరేసరికి ఎనిమిదిన్నర. ఆ ఊరి డైరీ నంబరు నలభై ఒకటి. సెక్రెటరీ నందీశ్ ఇంకా పాలు కొలుస్తూనే ఉన్నాడు. వాడికి తొందరేముంది, విరిగితే పేరు నాది. పది నిమిషాలు నిలబెట్టి, క్యాన్లు నా చేతే మోయించి, "జాగ్రత్తగా పోండి అన్నా" అని నీతులు కూడా చెప్పాడు. వాళ్ళ క్యాన్లు బండి వెనక అంచులో పెట్టి కదిలాను.

ఊరు దాటి అర కిలోమీటరు పోగానే రోడ్డు లేదు. ఈ చివర నుంచి ఆ చివరికి వంద అడుగుల మేర ఉలవ. పక్కన నలుగురు ఆడవాళ్ళు చేటలు పట్టుకుని కూర్చున్నారు. పంట చిన్నవెంకటమ్మది. అరవై దాటిన మనిషి, పొద్దునే నాకంటే ముందే డైరీలో పాలు పోసి వచ్చింది.

బండి ఆపి తల బయటపెట్టాను. "ఏమమ్మా, సగం రోడ్డన్నా ఇడిసిపెట్టకూడదా? పాలబండి పోవల్ల."

"పాలు మావే కదప్పా" అంది కదలకుండా. "స్వల్ప నిదానంగా పో. గింజ బాగా రాల్తాది."

"తీగ చుట్టుకుంటే ఎవరు జవాబు చెప్పేది?"

"నిన్న టిప్పరు పొయ్యింది, మొన్న బస్సు పొయ్యింది. యాడా లేంది నీ ఒక్కడి బండికేనా చుట్టుకొనేది? పో పో, నేను చెప్తా ఉండాను కదా."

టైము చూశాను. తొమ్మిదికి పది నిమిషాలు. దిగి తీగలు లాగి పక్కకు వెయ్యాలంటే అరగంట. పళ్ళు కొరుక్కుంటూ గేరు వేశాను.

సగం దూరం పోయానో లేదో, గడ్డి కాలిన వాసన. అద్దంలో చూస్తే బండి కింద నుంచి పొగ. దూకి వంగి చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉలవ తీగలు ఇరుసుకు తాడులా పేనుకుని సైలెన్సరు పైపుకు అంటుకుని ఉన్నాయి. సన్నగా మంట రేగుతోంది. డీజిల్ ట్యాంకు అక్కడికి రెండు మూరలు.

క్యాబిన్లో మంటలార్పే సిలిండరు ఒకటుంది. ఆర్టీవో ఆఫీసులో ఎఫ్.సి. తనిఖీకి చూపించడానికి ఓనరు కొన్నాడు. పిన్ను లాగితే పిల్లి తుమ్మినట్టు శబ్దం చేసి ఊరుకుంది. నేను తాగే నీళ్ళ బాటిలు పోశాను, అది ఏ మూలకూ చాలలేదు. ఇసుక చల్లుదామంటే రోడ్డు పక్కంతా రాళ్ళే.

"నీళ్ళు తేండమ్మా" అని అరిచాను.

"యాడ ఉండాయప్పా నీళ్ళు?" అంది చిన్నవెంకటమ్మ, లేచి పరుగున వస్తూ. "కరెంటు పన్నెండుకి వస్తాది. బోరు అప్పుడే."

అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికి ఎంతొస్తే అంత అనేశాను. ఆమెను అన్నాను, ఆమెను కన్న తల్లిని అన్నాను, రాయకూడని మాటలన్నీ అన్నాను. అంటూనే బండి వెనక్కి పోయి, అంచులో ఉన్న క్యాను కిందికి లాగాను. దాని మీద ఎర్ర రంగుతో నలభై ఒకటి అని ఉంది.

"ఒరే, అవి మా పాలురా" అని చిన్నవెంకటమ్మ క్యాను పట్టుకుంది. ఆమె చేయి విదిలించి మూత తీసి ఇరుసు మీద కుమ్మరించాను. మంట తగ్గింది గానీ ఆరలేదు. రెండో క్యాను లాగాను. ఈసారి ఎవరూ పట్టుకోలేదు. ఎనభై లీటర్ల పాలు పోస్తే మంట ఆరింది. మాడిన పాల కంపు గుప్పుమని కొట్టింది. తెల్లటి ధార ఆమె ఉలవల్లోంచి పారి రోడ్డు దిగువకు పోయింది.

మిగతా ముగ్గురూ కొడవళ్ళు తెచ్చి బండి కింద దూరి తీగలు కోశారు. చిన్నవెంకటమ్మ మాత్రం తడిసిన పంట వంక చూస్తూ నిలబడింది. నేను బండి ఎక్కుతుంటే, "నీ సంగతి నందీశ్‌కి చెప్తా" అంది.

"చెప్పుకోపో" అన్నాను.

సెంటర్ చేరేసరికి పది. శ్రీనివాసమూర్తి ఒక్కో డైరీ పాలు గరిటెడు తీయించి కాచి చూశాడు. ఆ పది నిమిషాలూ నేను గిన్నె వంకే చూస్తూ నిలబడ్డాను. ఒక్కటీ విరగలేదు. చలి పుణ్యమా అని బతికాను అనుకున్నాను. ఈలోగా క్యాన్ల లెక్క వచ్చింది.

"నలభై ఒకటిలో రెండు తక్కువ" అన్నాడు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రోడ్డు మీద ఉలవ పరిచినారని నువ్వు చెప్తే చాలదు రాజూ. డైరీ వాళ్ళు చెప్పల్ల" అని నందీశ్‌కి ఫోను కలిపి, మాట అందరికీ వినబడేట్టు బల్ల మీద పెట్టాడు.

"మా రోడ్డు మీద ఏమీ లేదు సార్" అన్నాడు నందీశ్, నీళ్ళు నమలకుండా. "పంట పరిస్తే కేసు పెడతామని పోలీసులు పోయిన వారమే చెప్పిపోయినారు, ఎవరు పరుస్తారు? ఆ బండి వైరింగే సరిగా లేదు. డ్రైవరు మా పాలు పారబోసినాడు సార్, మాకు న్యాయం చెయ్యల్ల."

శ్రీనివాసమూర్తి రిజిస్టరు తెరిచి పెన్ను మూత తీశాడు. ఎమిలీకి ఏ మొహంతో చెప్పాలి అన్న ఆలోచన ఒక్కటే నాకు.

అప్పుడు ఫోనులో ఇంకో గొంతు వినిపించింది. "ఆ ఫోను ఇట్ల తే. తే అంటా ఉండాను కదా." నందీశ్ ఏదో సణిగాడు. తర్వాత ఆ గొంతే దగ్గరగా వచ్చింది. "సామీ, నేను చిన్నవెంకటమ్మని. ఉలవ నాది. రోడ్డు మీద పరిచింది నేను. ఆయప్ప వద్దన్నా పొమ్మన్నింది నేనే. మంట రేగింది, మేము చెంబుడు నీళ్ళు ఇయ్యలేకపోతిమి, ఆయప్ప పాలు పోసినాడు. ఆ పాలల్లో మా ఆవు పాలు కూడా ఉండాయి."

"కేసు అవుతుందేమోనమ్మా" అన్నాడు శ్రీనివాసమూర్తి.

"కానీలే. రాసుకో సామీ." ఆయన రాసుకోవడం మొదలుపెట్టగానే ఆమె మళ్ళీ అందుకుంది. "ఇంగొకటి ఉండాది. ఆ డ్రైవరు నన్ను, మా యమ్మను కలిపి బూతులు తిట్టినాడు. అది కూడా రాసుకో. అదీ నిజమే."

శ్రీనివాసమూర్తి తలెత్తి నా వైపు చూశాడు. క్యాన్లు కడిగేవాళ్ళు కూడా చేతులాపి చూస్తున్నారు. "తిట్టినావా?"

"తిట్టినాను సార్."

రెండూ రాశాడు. కింద నా చేత సంతకం పెట్టించుకుని, "పాలు పోయింది నీ తప్పు కాదు. రేపు టైముకి రా, రూటు నీదే" అన్నాడు. పందొమ్మిదేళ్ళు బొంబాయి లైనులో ఎంతమందిని తిట్టానో లెక్కలేదు. ఎవరి దగ్గరా ఇట్లా సిగ్గుతో చచ్చిపోలేదు. ఫోను ఇంకా బల్ల మీదే ఉంది. దగ్గరికి వంగి "అమ్మా" అన్నాను.

"రేపు వస్తావు కదా, అప్పుడు చెప్పప్పా" అంది. "ఇప్పుడు నాకు పనుంది. పాలకు తడిసిన ఉలవంతా మళ్ళీ రోడ్డు మీద ఎండబెట్టుకోవల్ల."