ఉన్నావా అంటే ఉన్నానని

"నడుం లాగుతోందండీ," అంది హెలెన్, కొబ్బరిచట్నీకి తాలింపు పెడుతూ. యేసుబాబు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి తొంగిచూశాడు. "నిలబడి పని చేసుకుంటున్నావుగా, బాగానే ఉన్నావ్," అని క్యారియర్ అందుకుని, గన్నవరంలో తను పాఠాలు చెప్పే స్కూలుకి బండి తీశాడు. హాల్లో బైబిలు చదువుకుంటున్న అత్తగారు సంపూర్ణమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఐదో నెల్లో నడుం లాగకపోతే ఇంకేం లాగుద్దే? వీణ్ణి కడుపులో పెట్టుకునే నేను ఊడ్పులకెళ్ళాను." ఆ మాట నిజమే. ఆవిడ కష్టం నిజం కాబట్టే ఆ ఇంట్లో హెలెన్ నొప్పి అబద్ధమైపోయేది. అంట్లు తోమి, బట్టలు ఆరేసి, అత్తగారి మాత్రలు బల్లమీద పెట్టి బయల్దేరింది. సెలవు పెట్టడానికి లేదు. ఆ రోజు ఇంటర్ ఫలితాలు.

పటమటలో ఆమె పనిచేసే చిన్న కంపెనీకి ఫలితాల వెబ్‌సైటు నడపడమే ఆ ఏడాది పెద్ద పని. జనం ఒక్కసారిగా మీద పడతారని నాలుగు సర్వర్లు పెట్టి, వచ్చినవాళ్ళని వాటికి పంచడానికి ముందు ఒక లోడ్ బ్యాలెన్సర్ని నిలబెట్టారు. ఏ సర్వరు బాగుందో, ఏది పడిపోయిందో దానికి తెలియాలి కదా, అందుకని మాటిమాటికీ ఒక్కోదాన్నీ "ఉన్నావా?" అని పలకరిస్తుంది. "ఉన్నాను" అంటే స్క్రీన్ మీద పచ్చచుక్క. ఆ పలకరింపునే హెల్త్ చెక్ అంటారు. అది చాలదని నెల కిందటే మేనేజరు సూర్యప్రకాష్‌కి హెలెన్ చెప్పింది. "బతికుందా అనే అడుగుతున్నాం సార్, పని చెయ్యగలదా అని అడగట్లేదు. ఒక హాల్ టికెట్ నంబరిచ్చి మార్కులు తెమ్మందాం. తెస్తేనే బాగున్నట్టు." ఆయన నవ్వాడు. "పొయ్యి మీద పాలు పెట్టినట్టు ప్రతిదానికీ ఆ కంగారేంటమ్మా? మీ ఆడవాళ్ళకి అనుమానాలెక్కువ."

ఫలితాలు వదిలిన కాసేపటికే ఫోన్లు మొదలయ్యాయి. హెలెన్ ఎత్తిన మొదటి ఫోన్లో అవనిగడ్డ నుంచి ఒకమ్మాయి వెక్కుతోంది. "నా నంబరు కొడితే తెల్లకాగితం వస్తోందండీ. తప్పాను కాబట్టే రావట్లేదంటన్నాడు మా నాన్న. రేపట్నుంచి చేపల గంప ఎత్తుకోమంటన్నాడండీ." సూర్యప్రకాష్ వెనక నుంచి అన్నాడు, "అన్నీ పచ్చగానే ఉన్నాయి. వాళ్ళ నెట్ సెంటర్లోనే ఏదో తేడా అని చెప్పి పెట్టెయ్." హెలెన్ పెట్టెయ్యలేదు. అప్పటికే పొత్తికడుపులో నొప్పి మెలిపెడుతోంది. ఆ అమ్మాయిని లైన్లోనే ఉంచి, ఒక చేత్తో తన సెల్లు నుంచి భర్తకి చేసింది. "క్లాసులో ఉన్నాను. కూర్చుని చేసే పనేగా నీది, సాయంత్రం చూద్దాం," అని పెట్టేశాడు. ఆమె పళ్ళ బిగువున సర్వర్లని ఒక్కోదాన్నీ విడిగా తెరిచి చూసుకుంటూ పోయింది. మూడోది దొరికింది. మార్కులుండే డేటాబేస్‌తో దానికి సంబంధం ఎప్పుడో తెగిపోయింది. అయినా పలకరించిన ప్రతిసారీ ఉన్నాననే అంటోంది. వెతికేదేమీ లేక ఖాళీ పేజీ ఠక్కున ఇచ్చేస్తోంది కనక, చేతిలో పనిలేదనుకుని ముందున్న లోడ్ బ్యాలెన్సర్ ఇంకా ఇంకా పిల్లల్ని దాని మీదకే తోలుతోంది. హెలెన్ దాన్ని వరసలోంచి తప్పించి, ఆ అమ్మాయి నంబరు మళ్ళీ కొట్టింది. "పాసయ్యావమ్మా, ఫస్ట్ క్లాసు. మీ నాన్నకి ఫోనివ్వు, నేనే చెప్తాను," అంది. ఆయనకి చెప్పింది కూడా. అప్పుడైనా లేవాల్సింది. మిగతా మూడూ ఇలాగే మోసం చేస్తే ఇంకెంతమంది పిల్లలు ఏడుస్తారో అని, తను చెప్పిన హెల్త్ చెక్ రాసి, పెట్టి, పనిచేస్తోందని చూసుకుని మరీ లేచింది. కుర్చీ తడిసిపోయి ఉంది, ఎర్రగా. సూర్యప్రకాష్ స్క్రీన్ వైపే చూస్తూ, "శభాష్. ఇంకొక్క గంట ఉంటావా అమ్మా?" అన్నాడు.

ఆటోలో ఆస్పత్రికి ఒక్కతే వెళ్ళింది. డాక్టరమ్మ మెల్లిగా, "పొద్దున్నే వచ్చుంటే చూసేవాళ్ళం," అంది. మత్తు దిగేసరికి కడుపు ఖాళీ. ఇంటికొచ్చాక అందరూ ఒకే పాట. కంప్యూటర్ల ముందు కూర్చుంటే నిలుస్తుందా అని అత్తగారు. మర్చిపో, మళ్ళీ పుడతారు అని భర్త. ఏం మర్చిపోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పాపా, బాబా? ఎవరు చూశారు? ఎక్కడ పెట్టారు? అడగబోతే యేసుబాబు తల తిప్పుకునేవాడు. తనని పలకరించడానికి వచ్చినవాళ్ళకి తనే కాఫీలు కలిపి ఇచ్చింది. పాలు రాకుండా బిగించి కట్టిన గుడ్డ జాకెట్టు కింద తడుస్తూనే ఉంది. అది వాళ్ళకి కనిపించదు. కాఫీ బాగుందన్నారు.

మళ్ళీ చూపించుకోవడానికీ ఒక్కతే వెళ్ళింది. వరండాలో ఆయా ఆదెమ్మ ఆమెని గుర్తుపట్టి పక్కన కూర్చుంది. పాపా, బాబా అని హెలెన్ అడిగింది. "మీకు తెలీదా అమ్మా? ఆడపిల్ల. మీరు మత్తులో ఉండగా మీ ఆయనగారు వచ్చారు, చూడనన్నారు. మీరే ఏదోటి చేసెయ్యండి అనేసి బయటికెళ్ళిపోయారు. ఉత్తినే పంపబుద్ధి కాక నా పాతచీర ముక్కలో చుట్టానమ్మా. గోళ్ళు కూడా వచ్చేసినాయి." హెలెన్ ఆదెమ్మ చెయ్యి పట్టుకుని, ఆ చేతిమీద ముఖం పెట్టి, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా ఏడ్చింది. ఆ చేతులొక్కటే తన కూతుర్ని ఎత్తుకున్న చేతులు.

ఇల్లు చేరేసరికి యేసుబాబు ఏలూరులో ఉన్న అక్కతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "బాగానే ఉందక్కా. తిరుగుతోంది, వండుతోంది. సోమవారం నుంచి ఆఫీసుకి కూడా..." హెలెన్ చెప్పులు విప్పలేదు. దగ్గరికెళ్ళి ఫోన్ అందుకుంది. అతను ఇచ్చేశాడు, ఎందుకో.

"వదినా, నేను హెలెన్‌ని. నాకు ఆడపిల్ల పుట్టి పోయింది. మీ తమ్ముడు చూడలేదు, నన్ను చూడనివ్వలేదు. నేను చల్లపల్లి మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను," అంది. "పాపకి పేరు పెట్టాలి."