రుక్కమ్మ సాక్ష్యం

రజాకార్ల రాజ్యం పోయి నాలుగు నెలలైంది. రాయదుర్గం చావడి ముందు డప్పు కొట్టించి, పోలీసు పటేల్ వెంకటనారాయణ కొత్త సర్కారు హుకుం చదివాడు. అరబ్బు దేశం నుంచి వచ్చినవాళ్ళంతా బొంబాయిలో ఓడెక్కి వెనక్కి వెళ్ళిపోవాలి. ఇక్కడే పుట్టినవాళ్ళు ఉండవచ్చు. కానీ ఇక్కడ పుట్టినట్టు ఊళ్ళోవాళ్ళు ఎవరైనా సాక్ష్యం చెప్పాలి.

ఊళ్ళో ఉన్న అరబ్బు ఒక్కడే. జాగీర్దారు జామతోటకు కావలి ఉండే సాలం.

మరునాడు పొద్దున్నే సాలం రుక్కమ్మ ఇంటికి వచ్చాడు. ఆమె ఆ ఊరి మంత్రసాని. ఆమెకు ముందు ఆమె తల్లి ఆ పని చేసేది. తన తల్లికి పురుడు పోసింది ఆ ముసలమ్మేనని సాక్ష్యం చెప్పమని సాలం బతిమాలుకున్నాడు. తన భార్య మహబూబీకి ఐదో నెల అనీ, నార్సింగి దాటి ఎరగని పిల్లను సముద్రం అవతలికి ఎట్లా తీసుకుపోవాలనీ అన్నాడు. అధికారి అడుగుతాడేమోనని తన తల్లి పేరు కూడా చెప్పాడు. రుక్కమ్మ ఆ పేరు చెవిన పెట్టలేదు. అతని ముఖం వంకే చూస్తోంది.

పదేళ్ళప్పుడు మేనమామ వేలు పట్టుకుని సాలం ఈ ఊళ్ళోకి రావడం ఆమె కళ్ళారా చూసింది. అయినా ఆమె మనసులో మెలిపెడుతున్నది ఆ అబద్ధం గురించిన బాధ కాదు. పోయిన ఎండాకాలం ఆమె తమ్ముడు ఐలయ్య నార్సింగిలో మూడు రంగుల జెండా ఎత్తి, పారిపోయి వచ్చి ఆమె పెరట్లో గడ్డివాము వెనక దాక్కున్నాడు. నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు రజాకార్లు వచ్చారు. ఇల్లు వెతకలేదు, వాకిట్లో ఆగలేదు, తిన్నగా గడ్డివాము దగ్గరికే నడిచారు. ఆ దెబ్బలకు ఐలయ్య కుడికాలు ఇప్పటికీ సరిగా ఆనదు. ఆమె పెరడంతా కనిపించే చోటు జామతోట మంచె ఒక్కటే.

"ఐలయ్య సంగతి వాళ్ళకు నువ్వే చెప్పినవా?" అని అడిగింది.

"నేను చెప్పలే అక్కా." సాలం తోట వైపు చెయ్యి చూపాడు. "వాళ్ళు రాళ్ళ సందుల్లకెల్లి వస్తుంటె మంచె మీదికెల్లి చూసిన. జర ఉరికొచ్చి చెప్తే తప్పించుకునేటోడు. భయమైంది. దిగలే."

ఆ మాటతో ఆమె అనుమానం తగ్గలేదు సరికదా, పెరిగింది. సగం తప్పు ఒప్పుకుంటే మిగతా సగం ఎవరూ అడగరని ఎత్తు వేశాడేమో అనుకుంది. ఏ సంగతీ చెప్పకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం పటేల్ వచ్చాడు. ఎన్నడూ ఆ వాడకే రాని మనిషి ఆమె అరుగు మీద కూర్చుని, పిల్లాపాపల గురించి అడిగాడు. తెలిసిన నిజం చెబితే చాలునని, ఎవరికీ భయపడవద్దని ధైర్యం చెప్పాడు.

"గడ్డివాము ఎనక నాలుగు దినాలు దాగిన మనిషిని పట్టిచ్చినోడు ఆ సాలం. రేపు ఇంకెవరినన్న పట్టిస్తడు. పోతెనే ఊరికి నిమ్మళం," అన్నాడు లేస్తూ.

అతను వీధి మలుపు తిరిగాక రుక్కమ్మకు ఆ మాట తట్టింది. నాలుగు రోజులని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో రజాకార్లకు వంటలు సాగింది పటేల్ ఇంట్లోనే.

ఆ పూటే నార్సింగి నడిచింది. ఐలయ్య మంచంలో కాలు చాపుకుని ఉన్నాడు. దాక్కున్న రోజుల లెక్క ఎవరికైనా చెప్పావా అని అడిగితే చెప్పానేమో, గుర్తు లేదన్నాడు. సాలం మాట ఎత్తితే విసుక్కున్నాడు.

"పట్టిచ్చింది సాలమని నేనెప్పుడన్న అన్ననా? నువ్వే అన్నవు. నువ్వు అనంగ అనంగ నేను గూడ నమ్మిన."

వెనక్కి వస్తూ దారి పొడుగునా ఆమె పటేల్ పేరు తలచుకుంది, సాలం పేరు తలచుకుంది. ఏదీ మనసుకు కుదురుకోలేదు.

విచారణకు మదరాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన అధికారి చావడిలో కూర్చున్నాడు. పక్కన పటేల్. రుక్కమ్మ నిజమే చెబుతుందన్న ధీమాతో అతను ఆమెను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆమె నోటికి నిజం రాలేదు. సాలం ఈ ఊళ్ళోనే పుట్టాడనీ, తన తల్లే బొడ్డు కోసిందనీ చెప్పింది.

అధికారి తల ఎత్తాడు. "అతని తల్లి పేరేమిటమ్మా?"

ఆమెకు ఆనాడు సాలం పెదవులు కదలడం గుర్తుంది, పేరు గుర్తు లేదు. "ఫాతిమా," అంది.

"జైనబ్ అని అతనే రాయించాడు. అబద్ధపు సాక్ష్యానికి జైలు ఉంటుంది, తెలుసా?"

ముసలిది, మతి నిలవదు, వదిలేయమని పటేల్ కల్పించుకున్నాడు. అతని దయతో బయటపడాల్సి వచ్చినందుకు రుక్కమ్మ తల తిప్పుకుంది. అధికారి కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టాడు. అంతే. సాలాన్ని లారీ దగ్గరికి నడిపించారు.

ఆమె పక్కగా పోతూ అతను ఆగాడు. "నన్ను నమ్మినవా అక్కా?"

"లేదు. పటేల్‌ను గూడ నమ్మలే."

సాలం తల ఊపి లారీ ఎక్కాడు.

సాయంత్రం ఆమె తోటలోని గుడిసెకు వెళ్ళింది. మహబూబీ లోపలికి రమ్మనలేదు.

"నీకు పేరు చెప్పొచ్చిన అన్నడు. మర్శిపోయినవా, కావాల్నని మర్శిపోయినవా?"

నిజంగానే మరిచిపోయానని రుక్కమ్మ ఒట్టు పెట్టింది. మహబూబీ వింటూనే తడక మూసింది.

నెల తిరక్కుండానే ఓడెక్కుతున్నానని బొంబాయి నుంచి మహబూబీకి సాలం కార్డు వచ్చింది. తోట కావలి పటేల్ బావమరిది ఎల్లేశానికి దక్కింది. దానివల్ల ఏమీ తేలదని రుక్కమ్మకు తెలుసు, అయినా ఆ తర్వాత పటేల్ ఎదురైతే పక్కకు తప్పుకునేది. మహబూబీ గుడిసె ఖాళీ చేసి నార్సింగిలో పుట్టింటికి పోయింది.

ఎండలు ముదిరాక ఒకనాడు ఐలయ్య కర్ర పట్టుకుని వచ్చి, మహబూబీకి ఆడపిల్ల పుట్టిందని చెప్పాడు. పురుటికి మణికొండ నుంచి మంత్రసాని సక్కుబాయిని పిలిపించారట.

"కాన్పు కష్టమైందా?" అని అడిగింది రుక్కమ్మ.

తనకెట్లా తెలుస్తుందన్నాడు ఐలయ్య. ఆమె అతనికి మంచినీళ్ళు ఇచ్చి, ఎండలో నడిచి వచ్చిన కాలికి నూనె రాయడానికి కూర్చుంది.