కదిలేదానికి ఇరవై

మా ఆయన రాకేశ్ పోయినప్పటి నుంచి ఈ వెండి పూత షెడ్డు నా పేరు మీద ఉంది. నేను టీచర్ని; బడి లేని రోజు వచ్చి కూర్చుంటాను. పనంతా మా మరిది తారక్ చేస్తాడు. ఏదైనా తేల్చి చెప్పాల్సి వస్తే నా ముఖం చూస్తాడు.

ఆ ఆదివారం శ్రీరాంపూర్ నుంచి కాంట్రాక్టరు మనిషి రాగి ముక్కలు తెచ్చాడు. బొగ్గుబావిలోకి గాలి పంపే పంకా స్విచ్చువి. సాయంత్రానికి వెండి పూత వేసిస్తే రాత్రికే బిగిస్తారట. పూత ఎంత మందమో చెప్పలేదు.

"అయిదు మైక్రాన్లు ఏద్దాం వదినె," అన్నాడు తారక్.

ఏ ముక్క వచ్చినా రాకేశ్ ముందు ఒకటే అడిగేవాడు: "గిది కూసుండేదా, కదిలేదా?" బోల్టుతో బిగించి వదిలేసేదానికి అయిదు చాలు. స్విచ్చు వేసి తీసిన ప్రతిసారీ రాసుకునేదానికి ఇరవై కావాలి. లేకపోతే వెండి అరిగి రాగి బయటపడుతుంది, వేడెక్కుతుంది.

ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాను. కొన నున్నగా వంపు తిరిగి ఉంది.

"ఇది కదిలేదే కదా తారక్?"

"కదిలేదే. తొట్టిల వెండి రేకులు జూడు, కరిగి కరిగి తమలపాకుల లెక్కయినయ్. అయిదుకే సరిపోతయ్. ఆదివారం వెండి ఎవడిస్తడు?"

బయట కాంట్రాక్టరు మనిషి వ్యాను హారన్ మోగించాడు. "జల్ది గానీయిండ్రి! పెండ్లిపిల్లకు నగలు పెడుతుండ్రా ఏంది?"

తారక్ గొంతు తగ్గించాడు. "అన్న కోసిన వెండి రేకున్నది గద వదినె, బీరువాల."

ఉంది. పోయే ముందురోజు కోశాడు. కొక్కేనికి రంధ్రం వంకరగా పడితే నవ్వాడు. అతని రుమాలులోనే చుట్టి దాచాను. దాని మాట మేమిద్దరం ఇన్నాళ్లూ ఎత్తలేదు.

"నువ్వద్దంటే అయిదే ఏస్త. మనల ఎవ్వలడుగుతరు?"

షెడ్డుకు ఒకటే తలుపు. తలుపుకు అడ్డంగా వ్యాను. బీరువా తాళం నా దగ్గరే ఉంది.

రేకు నేనే తీసిచ్చాను. తొట్టిలో అది ఒక పక్కకు ఒరిగి వేలాడింది. తారక్ కరెంటు పెట్టాడు; రేకు కొంచెం కొంచెంగా కరిగి ముక్కల మీదికి చేరింది.

ముక్కలు మెరుపు లేకుండా తెల్లగా వచ్చాయి. కాంట్రాక్టరు మనిషి మొహం చిట్లించాడు. "గిదేంది మేడం, సున్నమేసినట్టున్నయ్?"

"మందంగా వేశాం."

"వచ్చే ఆదివారం ఇంకో పెట్టె తెస్త. గివ్వే. గప్పుడన్న మెరవాలె."

వ్యాను వెళ్ళింది. రేకులో తొట్టి నీళ్ళకు పైన ఉన్న రంధ్రం అంచు మాత్రం కొక్కేనికి మిగిలింది. కడిగి రుమాలులో చుట్టాను. తారక్ రుమాలు వైపే చూస్తున్నాడు. అందులో ఇంకా కొంచెం వెండి ఉంది.