కాలరు నంబర్లు

కోట్ల మూట విప్పగానే మేస్త్రీ మొదట చేసే పని కత్తెర తీయడం. ప్రతి కోటు కాలరూ తిరగేసి, లోపల కుట్టి ఉన్న నంబరు గుడ్డముక్కను కత్తిరించి రేకు డబ్బాలో వేసేవాడు. సైన్యంలో మనిషికి ఇచ్చిన నంబరది. అది పోయాక కోటు ఎవరిదీ కాదు. మేం చిల్లులకు మాసికలు వేసేవాళ్ళం. ఆ కోటే తొడుక్కుని ఇంకొకడు వెళ్ళేవాడు. ఇదంతా రోజూ మా కళ్ళముందే జరిగేది. ఒక్కరం కూడా నోరెత్తలేదు.

ఈ యుద్ధం ఎలా నడిచిందో మీరు పటాలు చూసి చదువుకుని ఉంటారు. ఏడు రాజ్యాలు ఒక పక్క, ఎనిమిది మరో పక్క, మధ్యలో పక్కలు మార్చినవి రెండు. నేను కోట్లలో చదివాను. మొదటి ఏడాది కొత్త ఉన్ని, నాలుగు జేబులు, ఇత్తడి గుండీలు. రెండో ఏడు అస్తరు పోయింది, గుండీలు చెక్కవయ్యాయి. మూడో ఏడు కొత్త గుడ్డే రాలేదు. చచ్చినవాళ్ళ కోట్లు ఉతికి పంపారు. నాలుగో ఏడు శత్రువుల కోట్లకు కూడా మన రంగు అద్ది పంపారు. చంకల కింద పాత రంగు అలాగే ఉండేది.

షెడ్డులో కిటికీ పక్కన ఎనిమిది మిషన్లు. అక్కడ వెలుతురు, గాలి, కాజాలు కుట్టే శుభ్రమైన పని. వెనక చీకట్లో ముప్ఫై మిషన్లు, మాసికల పని. నాది వెనక. మా తోటికోడలిది కిటికీ పక్క.

నాకు ఆమె మీద ఒళ్ళు మండేది. అబద్ధం చెప్పను. నాకంటే ఆరేళ్ళు చిన్నది. మా మరిది వారానికో ఉత్తరం రాసేవాడు. నా భర్త రెండు నెలలకోసారి నాలుగు ముక్కలు రాస్తే గొప్ప. అత్తగారు ఆమె ఉత్తరాలే పక్కింటివాళ్ళకు చదివి వినిపించేది. అన్నిటికంటే నన్ను కాల్చింది ఆ జేబు. అన్నదమ్ములు యుద్ధానికి బయల్దేరిన వారం నేను జ్వరంతో పడుకున్నాను. ఆమె ఒక పూల దిండు గలీబు రెండు ముక్కలు చేసి, ఇద్దరి కోట్లకూ లోపల ఎద మీద జేబులు కుట్టింది. నా భర్త ఆ జేబు తడుముకుని, "చిన్నదానిది ఎంత చెయ్యి తిరిగిన పనే!" అని మురిసిపోతూ వెళ్ళాడు. నా మొగుడి గుండె మీద ఇంకొకరి కుట్టు.

నాలుగో ఏడు తిరోగమనం మొదలై ఇద్దరికీ ఉత్తరాలు ఆగిపోయాయి. అప్పుడన్నా నాకు జాలి కలగాలి. ఆమె కిటికీ వెలుతురులో పాత ఉత్తరాలు తీసి చదువుకోవడం చూసి మేస్త్రీతో అన్నాను. "కిటికీ పక్క కూర్చోబెట్టింది పని చెయ్యడానికా, చదువుకోవడానికా?"

మర్నాటికల్లా ఆమె నా పక్క మిషను దగ్గర ఉంది. ఆ రోజు నేను హాయిగా కుట్టాను.

మూడో రోజు ఆమె మిషను ఆగిపోయింది. ఒక కోటు తిరగేసి పట్టుకుని ఉంది. లోపల పూల జేబు. దాని నడి మధ్య బొటనవేలు పట్టేంత చిల్లు.

ఇద్దరం ఒకేసారి చూశాం. ఆమే ముందు నోరు తెరిచింది.

"ఇది బావగారిదక్కా."

"ఏం చూసి చెప్తున్నావే? మరిదిదే ఇది. భుజాలు చూడు."

"అన్నదమ్ములిద్దరికీ ఒకే కొలత, నీకు తెలీదూ?"

"మరి కుట్టింది నువ్వే కదా! తేడా తెలీదా నీకు?"

"ఒకే గలీబు, ఒకే దారం. ఏం తేడా ఉంటుంది? నీ మొగుడి కోటుకి నువ్వే కుట్టుకోవాల్సింది!"

ఆ మాట నన్ను చెంపమీద కొట్టినట్టయింది. నేను కోటు లాగాను, ఆమె లాగింది. షెడ్డంతా మిషన్లు ఆపి చూస్తోంది. గుండీలు కుట్టే పెద్దావిడ, మేమంతా గుండీల పిన్ని అనేవాళ్ళం, వచ్చి కోటు మా చేతుల్లోంచి లాక్కుంది.

"సిగ్గు లేదర్రా? చచ్చినవాణ్ణి నీవాడంటే నీవాడని ఒకరి మీదికొకరు తోసుకుంటున్నారు. ఎవరిదో ఆ డబ్బాలో ఉంది. వెళ్ళి అడగండి ఆ మేస్త్రీని."

మేస్త్రీ డబ్బా మీద చెయ్యి వేశాడు. "నంబర్లు సర్కారువి. మాసికలు మీవి. కూర్చోండి."

మధ్యాహ్నం కుళాయి దగ్గర అందరం చేరాం. అడగాలని కొందరు, అడిగితే పని పోతుందని కొందరు. "ముందు కిటికీ పక్కవాళ్ళు అడగండి. మీ మాటంటే వాడికి చెవికింపు," అంది వెనక వరసలోంచి ఒకామె. "మీ పితూరీలు చాలవా వాడికి?" అంది కిటికీ పక్కామె. ఇంకాసేపుంటే జుట్టు జుట్టూ పట్టుకునేవాళ్ళు.

"దీన్ని కిటికీ దగ్గర్నించి తీయించింది నేనే," అన్నాను.

తోటికోడలు నావైపు చూడలేదు. "తెలుసక్కా. మేస్త్రీ ఆ రోజే చెప్పాడు."

"చెప్పాడా?"

"మరి నీకు వెనక మిషను ఎలా వచ్చిందనుకున్నావు? నువ్వు సూదులు ఇంటికి పట్టుకెళ్తున్నావని రెండేళ్ళ కిందట నేనే చెప్పాను."

ఎవరో కిసుక్కుమన్నారు. కత్తిరింపుల ఆమె, తను ఎవరి మీద ఏం చెప్పిందో చెప్పింది. ఆమె మీద ఎవరు చెప్పారో వాళ్ళూ చెప్పారు. ఒకరి తర్వాత ఒకరు, ముప్ఫై ఎనిమిది మందిమీ. నవ్వాలో చెప్పుతో కొట్టుకోవాలో తెలియలేదు. చివర్లో గుండీల పిన్ని నీళ్ళు పుక్కిలించి ఉమ్మింది. "నేను మీ అందరి మీదా చెప్పానర్రా. మన ఏడుపే వాడికి జీతం లేని కాపలా."

తిరిగి వెళ్ళి ఎవరం మిషను తొక్కలేదు. డబ్బా తెరిచి నంబర్లు చదివితేనే మాసిక పడుతుందన్నాం.

రెండో రోజు సైన్యం ఆఫీసరు వచ్చాడు. నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచాడు. అతని ముందు బల్ల మీద డబ్బా ఉంది. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"చూడమ్మా, నీ భర్త నంబరు చెప్పు. ఇందులో ఉందో లేదో నీకొక్కదానికి చూసి చెబుతాను. బయట వీళ్ళని రెచ్చగొట్టింది నీ తోటికోడలేనని నువ్వు ఒక సంతకం పెట్టు. మిగతావాళ్ళ సంగతి నీకెందుకు?"

నంబరు నా నాలుక చివర ఉంది. మూడు, ఒకటి, ఎనిమిది, ఆరు, ఒకటి. అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు వరసలో నిలబడి సైన్యంలో చేరారు. మరిదికి చివరి అంకె రెండు. అడుగుదామనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అనుకున్నాను. ఆమె కంటే ముందు నాకు తెలియాలని.

అప్పుడు ఆఫీసరు వెనక నిలబడ్డ మేస్త్రీ ముఖం కనిపించింది. నేను మొదటి పితూరీ చెప్పిన రోజు ఎలా తలాడించాడో ఇప్పుడూ అలాగే తలాడిస్తున్నాడు.

డబ్బా ఎత్తుకుని బయటికి పరుగెత్తాను.

గేటు ముందు వీధి పొడవునా రేషను క్యూ. తోటికోడలు నా చేతిలో డబ్బా లాక్కుని మెట్టెక్కింది. మొదటి ముక్క తీసి ఒక్కో అంకే చదివింది. మా వాళ్ళు తిరిగి పలికారు. క్యూ కదిలి దగ్గరికొచ్చింది. వాళ్ళూ పలికారు. ఏడో నంబరుకో ఎనిమిదోదానికో క్యూలో ఒక ముసలాయన కింద కూలబడ్డాడు. తర్వాత తెలియని లిపిలో ఒక ముక్క వచ్చింది.

"ఇది శత్రువుది," అన్నారెవరో.

"అంకెలు రాకపోతే 'ఒకడు' అని చదువు," అంది గుండీల పిన్ని.

"ఒకడు," అని చదివింది తోటికోడలు. వీధంతా పలికింది, "ఒకడు."

లారీ వచ్చింది. సిపాయిలు ఆమెను రెక్క పట్టి లాగారు. డబ్బా నాకు విసిరింది. "చదువక్కా, ఆపకు!"

నేను చెయ్యి పెట్టి ఒక ముక్క తీశాను. "మూడు," అన్నాను. "ఒకటి. ఎనిమిది. ఆరు."

అక్కడ ఆగాను. లారీ ఎక్కుతున్న ఆమె కూడా ఆగింది. ఆ నాలుగంకెలు మా ఇద్దరివీ. ఆమె నన్ను చూస్తోంది. నేను చివరి అంకె చూశాను.

ఊపిరి వచ్చింది నాకు. ముందు వచ్చింది అదే. నాది కాదు అన్న ఊపిరి. ఆమె అది నా ముఖంలో చూసింది. నేను నోరు విప్పకముందే ఆమెకు అర్థమైంది. అయినా రెండు చేతులతో లారీ కమ్మీ పట్టుకుని అరిచింది.

"గట్టిగా చదువక్కా! అందరికీ వినపడాలి!"

"రెండు!" అన్నాను.

"రెండు," అంది వీధి.

సిపాయి డబ్బా లాక్కునేసరికి అది ఖాళీ. గుండీల పిన్ని అప్పటికే గుప్పెళ్ళతో ముక్కలు తీసి క్యూలోవాళ్ళందరికీ పంచేసింది. లారీ కదిలింది. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, చేతిలో ముక్క ఉన్న ప్రతివాళ్ళూ ఒకేసారి చదువుతున్నారు. పక్క షెడ్డు మిషన్లు ఆగాయి. ఆ పక్కదీ ఆగింది. వాళ్ళ డబ్బాలూ బయటికొస్తున్నాయి.

చివర అరవై ఒకటి ఉన్న ముక్క ఎవరి చేతికైనా వెళ్ళిందో లేదో ఆ హోరులో నాకు వినపడలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఈ వీధిలో మీరు గట్టిగా చదువుతున్న నంబర్లలో కూడా దానికోసమే వింటున్నాను. అయినా ఆపకండి. మిగతావీ వింటున్నాను.